కిందికి నొక్కితే పైకి పోయే పెళ్ళి డిస్కు

మా అమ్మది పదేళ్ళుగా ఒకటే ఫిర్యాదు. "కిందికి నొక్కితే పైకి పోతోందిరా." ఇంట్లో మేమందరం పదేళ్ళుగా ఇస్తున్న జవాబూ ఒకటే, అమ్మకి రిమోటు వాడడం రాదు. మొన్న సంక్రాంతికి విశాఖలో మర్రిపాలెం వెళ్ళినప్పుడు, కనుమ నాడు తిని కూర్చోవడం తప్ప ఇంకో పనేం లేక, ఆ డిస్కు ముందేసుకుని గంటన్నర కూర్చుంటే తేలిందేంటంటే ఆవిడ చెప్పింది చెప్పినట్టు నిజం. కిందికి నొక్కితే పైకే పోతుంది. ఆ డిస్కులో అలాగే రాసిపెట్టి ఉంది.

డిస్కు మా చెల్లి పెళ్ళిది. 2008 ఫిబ్రవరి. అప్పటికి మాకు తెలిసిన పెళ్ళిళ్ళలో వీసీడీలు తగ్గి డీవీడీలు వచ్చేశాయి, వీడియోలు కత్తిరించి పాటలు కలిపి డిస్కు చేసే మిక్సింగ్ వాళ్ళు "మెనూ కూడా పెట్టిస్తామండీ" అని అదేదో పై చదివింపులా చెప్పేవాళ్ళు. మాకూ పెట్టారు. ఎర్రటి గుండె బొమ్మ, దాని అంచు చుట్టూ చిన్న చిన్న ఫొటోలు, ఒక్కో ఫొటో కింద పేరు: ఎదుర్కోలు, స్నాతకం, గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు, రిసెప్షన్. వెనకాల సన్నాయి. ముప్ఫై సెకన్లకోసారి అది మళ్ళీ మొదలు. ఆ ఎనిమిదింటిలో మా అమ్మకి కావలసింది ఏడోది ఒక్కటే. అప్పగింతల్లో మా తాతగారు కనిపిస్తారు, చెల్లి చెయ్యి పట్టుకుని పెళ్ళికొడుక్కి ఏదో చెబుతూ. ఆ తర్వాతి ఏడాదే ఆయన పోయారు. ఆయన కదులుతూ కనిపించే వీడియో మా ఇంట్లో అదొక్కటే.

2014 దాకా ఆ డిస్కు మీద ఎవరికీ ఏ కంప్లయింటూ లేదు. ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మా హాల్లో కిటికీ రెక్క ఊడిపడి టీవీ స్టాండు మీదున్నవన్నీ నానిపోయాయి, పాత డీవీడీ ప్లేయరు అందులోనే పోయింది. డిస్కులు లోపలి గది బీరువాలో చీరల కింద ఉన్నాయి కాబట్టి వాటికేం కాలేదు. కరెంటు వచ్చి, ఇల్లు సర్దుకున్నాక నాన్న కొత్త ప్లేయరు కొన్నారు. చవకది. దాని రిమోటు అరచేతిలో పట్టేస్తుంది. గొడవ అక్కడ మొదలైంది. తలంబ్రాల దాకా బాణాలు నొక్కుకుంటూ బాగానే వస్తాం, అక్కడ కిందికి నొక్కితే అప్పగింతల మీదికి దిగాల్సిన వెలుగు కాస్తా ఎగిరి ఎదుర్కోలు మీద వాలుతుంది. పక్కకి నొక్కితే రిసెప్షన్. ఎటు నుంచి ఎటు వెళ్ళినా ఏడో ఫొటో మీదికి మాత్రం రాదు.

తీర్పులు వరసగా వచ్చాయి. నాన్న, డిస్కుకి ఉప్పుగాలి తగిలింది అన్నారు. మా బావగారు, చవక ప్లేయరు కొంటే అంతే అన్నారు. నేను మరుసటి ఏడాది ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి, డిస్కు వేసి, మౌస్‌తో అప్పగింతల మీద ఒక్క క్లిక్ కొట్టాను. టక్కున తాతగారు వచ్చేశారు. "చూశావా, డిస్కు శుభ్రంగా ఉంది, నువ్వే సరిగ్గా నొక్కట్లేదు" అన్నాను. అమ్మ "ఏమో నాన్నా" అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం వెనక ఏముందో తర్వాత చెబుతాను.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ పని నాకు తెలిసిన పనే. డిగ్రీ చదివే రోజుల్లో డాబాగార్డెన్స్ దగ్గర ఒక మిక్సింగ్ యూనిట్లో రెండేళ్ళు చేశాను. సాయంత్రం వెళ్ళి రాత్రి దాకా. మినీడీవీ అనే కెమెరా టేపుని గంటసేపు క్యాప్చర్ చేస్తే, అంటే కంప్యూటర్లోకి ఎక్కిస్తే, 13 జీబీ మింగేది, ఆ రోజుల్లో హార్డ్‌డిస్కులు ఎంతుండేవో గుర్తున్నవాళ్ళకి దాని బాధ అర్థమవుతుంది. ముహూర్తాలు మొదలయ్యాయంటే ఒకే వారంలో పదేసి పెళ్ళిళ్ళు టేబుల్ మీదికొచ్చేవి. టైటిల్స్ వేసి, పాటలు పరిచి, అన్నీ కలిపి ఒకే వీడియోగా చేసే రెండరింగ్‌కి పెట్టి, అది అయ్యేలోపు టీ తాగి వచ్చి, చివర్లో మెనూ. మెనూ అంటే టెంప్లేటే. పాత పెళ్ళి ఫొటోలు తీసి కొత్త పెళ్ళి ఫొటోలు పెట్టడం. అన్ని బటన్ల మీదా మౌస్‌తో ఒక్కో క్లిక్ కొట్టి, వీడియో వచ్చిందా, వచ్చింది, నెక్స్ట్. రెండేళ్ళలో నేను ఒక్క డిస్కునైనా ప్లేయర్లో వేసి రిమోటుతో తిప్పి చూసిన గుర్తు లేదు. యూనిట్లో ప్లేయరూ టీవీ రెండూ ఉండేవి, క్రికెట్ వస్తే చూడడానికి టీవీ వాడేవాళ్ళం.

నేననేది ఇదీ. పెళ్ళి డిస్కుల్లో మెనూ మొరాయిస్తే మనం అనుమానించే వరస పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అంటాం, తర్వాత ప్లేయర్ని, తర్వాత డిస్కు మీది గీతల్ని. తయారు చేసినవాణ్ణి ఎవరూ అనరు. నేను చూసినంతలో చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది, అదీ నాలాగా మౌస్‌తో పరీక్ష చేసి పంపేసినవాడి దగ్గర.

ఎందుకో అర్థం కావాలంటే మెనూ ఎలా పనిచేస్తుందో కొంచెం చూడాలి. తెర మీద ఫొటోలు కనిపిస్తాయి కాబట్టి ప్లేయరుకి కూడా ఏది పైన ఉందో ఏది కింద ఉందో తెలుసని మనం అనుకుంటాం. దానికేం తెలియదు. ప్రతి బటన్‌కీ ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు పక్కన ఇంకో నాలుగు నంబర్లు రాసి ఉంటాయి: పైకి నొక్కితే ఏ బటన్‌కి పోవాలి, కిందికి నొక్కితే దేనికి, ఎడమకి దేనికి, కుడికి దేనికి. అంతే. ఆరో బటన్ దగ్గర "కిందికి" అన్న గడిలో 1 అని ఉంటే, ఒకటో బటన్ తెర నెత్తి మీద ఉన్నా సరే ప్లేయరు అక్కడికే పోతుంది. ఎవరూ తమ నాలుగు గడుల్లో 7 అని రాసుకోకపోతే ఏడో బటన్ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది, దాని దగ్గరికి పోయే దారి మాత్రం ఉండదు. మన ఆర్టీసీ బస్ కాంప్లెక్స్‌లో బోర్డు మీద ఊరి పేరుండి, ఆ ఊరికి బస్సు లేనట్టు. మౌస్ అంటారా, అది సొంత బండి. దానికి ఈ రూట్లతో పని లేదు, బటన్ చుట్టూ గీసిన గడి కొలతలు చూసుకుని నేరుగా అక్కడ దిగుతుంది. అందుకే నేను ల్యాప్‌టాప్‌లో క్లిక్ కొడితే తాతగారు వచ్చేశారు. నేను పరీక్షించింది అమ్మ అడిగిన దాన్ని కాదు.

మరి 2014కి ముందు ఎలా పనిచేసింది? ఇదే నన్ను చాలాసేపు తిప్పలు పెట్టింది. తప్పు డిస్కులో మొదటి నుంచీ ఉంటే ఆరేళ్ళు ఎవరికీ ఎందుకు తగల్లేదు? అమ్మని అడిగితే ఒక్క మాటలో చెప్పేసింది. "అప్పుడు ఏడు నొక్కేదాన్ని కదరా." పాత రిమోటుకి అంకెల మీటలు ఉండేవి. డీవీడీ మెనూల్లో బటన్ని దాని నంబరు నొక్కి నేరుగా ఎంచుకునే వీలు ఉంటుంది, తయారు చేసినవాడు ఆపేస్తే తప్ప. అమ్మ ఆరేళ్ళూ బాణాలు ముట్టుకోలేదు. ఏడు నొక్కింది, అప్పగింతలు చూసింది. కొత్త ప్లేయరు రిమోటు చిన్నది కావడంతో అంకెలు తీసేశారు, బాణాలే గతి అయ్యాయి, అంతకాలం దాక్కున్న తప్పు బయటపడింది. తుఫానుకీ దీనికీ ఉన్న సంబంధం అంతే, అది పాత రిమోటుని పట్టుకుపోయింది. ఉప్పుగాలికి ఏ సంబంధమూ లేదు. ఏదైనా ఫలానా రోజు నుంచి పాడైందని ఎవరైనా అంటే ఇప్పుడు నేను ముందు అడిగేది ఆ రోజు ఇంకేం మారిందని.

ఇక ఇలాంటి డిస్కు మీ ఇంట్లో ఉంటే ఎలా చూసుకోవాలో చెబుతాను. ముందుగా రిమోటు. దీనికి ఎవర్నీ పిలవక్కర్లేదు, డిస్కు తీసేసి ప్లేయరు సొంత సెటప్ మెనూ తెరవండి, అక్కడ నాలుగు బాణాలూ సరిగ్గా కదిలితే రిమోటు బాగున్నట్టే. కదలకపోతే రిమోటు వెనక స్క్రూ విప్పి రబ్బరు కింద పేరుకున్న మడ్డి తుడవండి, సగం రిమోట్లు దానికే బాగుపడతాయి. రిమోటు మంచిదని తేలాక అదే డిస్కుని ఇంకో ప్లేయర్లో వెయ్యండి. రెండు చోట్లా అదే బటన్ దగ్గర అదే తప్పు వస్తే అది తయారీలో తప్పు, ఇంక ప్లేయర్ని తిట్టడం ఆపెయ్యొచ్చు. ఒక చోట ఆగిపోయి ఇంకో చోట నడిస్తే, లేదా ఒకసారి వచ్చి ఇంకోసారి రాకపోతే, అప్పుడు డిస్కు మొహం చూడాలి. డీవీడీని లోపలి నుంచి బయటికి చదువుతారు, మొదటి మెనూ ఫైళ్ళు మధ్య కన్నానికి దగ్గరగా ముందే ఉంటాయి. కాబట్టి అంచున గీత ఉంటే పెళ్ళి చివర్లో ఆగుతుంది, మధ్యలో మరక ఉంటే మెనూయే తెరుచుకోదు. మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి. గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు, మా నాన్న ఇప్పటికీ అలాగే తుడుస్తారు.

తర్వాత కంప్యూటర్. విండోస్ 8 నుంచి డీవీడీ నడిపే సదుపాయం విండోస్‌తో పాటు ఇవ్వడం మానేశారు, కాబట్టి డీవీడీ నడిపే ఉచిత ప్రోగ్రాం వీఎల్‌సీ వేసుకోవాలి. ల్యాప్‌టాప్‌కి డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీది ఒకటి కొనుక్కోవడమో, ఎవర్నైనా అడగడమో. డిస్కు తెరిచే చోట మెనూలు వద్దు అని ఒక టిక్కు ఉంటుంది. అది పెట్టి తెరిస్తే వీడియో నేరుగా నడుస్తుంది. నడిచిందంటే పెళ్ళి క్షేమం, చెడింది మెనూ మాత్రమే. ఇప్పుడు ఆ టిక్కు తీసేసి మెనూతో తెరవండి. మౌస్ పక్కన పడెయ్యండి. బల్ల కిందికి పెట్టేస్తే ఇంకా మంచిది. కీబోర్డు బాణాలతోనే తిరగండి, ఒక కాగితం మీద ప్రతి బటన్‌కీ నాలుగు దిక్కులా ఎక్కడికి పోతోందో రాసుకోండి. ఎనిమిది బటన్లకి ముప్ఫై రెండు నొక్కులు, పది నిమిషాల పని. ఆ కాగితం పూర్తయ్యేసరికి ఏ నంబరు ఎవరి గడిలోనూ లేదో దానంతటదే కనిపిస్తుంది.

నా కాగితం మీద అలాగే కనిపించింది. ఒకటి నుంచి ఆరు దాకా బటన్లు చక్కగా వలయంలా కలిసున్నాయి, ఆరు నుంచి కిందికి నొక్కితే మళ్ళీ ఒకటి. అంటే టెంప్లేటు అసలు ఆరు బటన్లదన్న మాట. మా పెళ్ళికి ఎనిమిది కావలసి వచ్చి మిక్సింగ్ చేసిన అబ్బాయి రెండు కాపీ పేస్టు చేశాడు. రిసెప్షన్‌కి దారి కలిపాడు, అప్పగింతలకి కలపడం మర్చిపోయాడు. ఏడులోకి వెళ్ళే దారి ఒక్కటీ లేదు. రాత్రి పదకొండింటికి, రేపు పొద్దున్న డెలివరీ అంటే, ఆ కుర్చీలో కూర్చుని నేనూ అదే చేసేవాణ్ణి. చేసే ఉంటాను కూడా. గాజువాకలోనో పెందుర్తిలోనో ఎవరో ఒక పెద్దావిడ నేను చేసిన డిస్కుతో ఇలాగే అవస్థ పడుతూ ఉండొచ్చు, వాళ్ళబ్బాయి ఆవిడకి రిమోటు పాఠాలు చెబుతూ ఉండొచ్చు.

అన్ని తప్పులూ బాణాలవే కావు. మెనూ ముప్ఫై సెకన్లు ఆడి చివరికి వచ్చేసరికి తెర నల్లబడి ప్లేయరు ఆగిపోతే, మెనూ అయ్యాక మళ్ళీ మొదటికి వెళ్ళు అన్న ఆదేశం పెట్టలేదని అర్థం. ముప్ఫై సెకన్లలోపు నొక్కేస్తే ఏ బాధా ఉండదు, అద్దాలు వెతుక్కుని నెమ్మదిగా నొక్కేవాళ్ళకే తగులుతుంది. ఇది కూడా మళ్ళీ పెద్దవాళ్ళ మీదికే పోయే తప్పు, గమనించారా.

వెలుగు పక్కకి జరిగి ఫొటోల మధ్య ఖాళీలో పడడం ఇంకో రకం. ఆ వెలుగు అసలు బొమ్మలో భాగం కాదు. సబ్‌టైటిల్స్ వచ్చే పొర లాంటిదే ఇంకోటి, ఒకేసారి నాలుగు రంగులకి మించి పట్టదు, దాన్ని బొమ్మ మీద పరుస్తారు. మెనూని వెడల్పు తెరకి చేసి, పాత చదరపు టీవీకి కావలసిన రెండో పొర పెట్టకపోతే బొమ్మ ఒక కొలతలోనూ వెలుగు ఇంకో కొలతలోనూ కనిపిస్తాయి. ప్లేయరు సెటప్‌లో టీవీ ఆకారం 16:9 నుంచి 4:3కో, అటు నుంచి ఇటుకో మార్చి చూడండి, చాలాసార్లు రెండూ ఒకదాని మీదికి ఒకటి వచ్చి కూర్చుంటాయి. వెలుగు అసలే కనబడకపోతే పొర రంగుకి గాఢత సున్నా పెట్టి ఉండొచ్చు. అప్పుడు బటన్లు పనిచేస్తూనే ఉంటాయి, మనమెక్కడున్నామో మనకి తెలియదు, చీకట్లో స్విచ్చి వెతుక్కున్నట్టే.

మెనూ మీట నొక్కితే తెర మూలన అడ్డగీత గుర్తో చెయ్యి గుర్తో వస్తే కంగారు పడకండి. డీవీడీలో మెనూ రెండు అంతస్తుల్లో ఉంటుంది, మొత్తం డిస్కుకి ఒకటి, ఒక్కో వీడియో గుంపుకి ఒకటి. రిమోటు మీద టైటిల్ అన్న మీట మొదటిదానికి, మెనూ అన్న మీట రెండోదానికి. మిక్సింగ్ వాళ్ళు మెనూని ఒకే అంతస్తులో పెట్టి రెండో మీటని పట్టించుకోరు. కాబట్టి ఒకటి పనిచేయకపోతే రెండోది నొక్కండి. కొన్ని రిమోట్ల మీద ఈ రెండిట్లో ఒకటే ఉంటుంది, అది వేరే బాధ.

సినిమా డిస్కుల్లో పాటల మెనూ అందరికీ గుర్తుండే ఉంటుంది. పాట ఎంచుకుంటాం, పాట అవుతుంది, తిరిగి పాటల పట్టికకి రావలసింది సినిమాలోకి జారిపోతుంది, హీరోయిన్ వాళ్ళ నాన్న అరుస్తూ ఉంటాడు. ఇది కూడా అదే జాతి. పాట ఉన్న చాప్టరుకి తీసుకెళ్ళడం ఒక ఆదేశం, పాట అయ్యాక వెనక్కి రావడం ఇంకో ఆదేశం, రెండోది రాయలేదు. కంపెనీ డిస్కులకి సాధారణంగా తాళం ఉంటుంది, వాటి జోలికి నేను పోను, కొన్నచోట మార్చి ఇమ్మని అడగడమే. ఇక్కడ మాట్లాడుతున్నది మన డబ్బుతో మన ఇంటి పెళ్ళికి చేయించుకున్న డిస్కుల గురించి.

వీసీడీలైతే ఇంత కథ లేదు. రిమోటు మీద పీబీసీ (ప్లేబ్యాక్ కంట్రోల్) అని ఒక మీట ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే వీసీడీ మెనూ రాదు, తిన్నగా మొదటి ట్రాక్ మొదలవుతుంది. ఆన్ చెయ్యడమే. మా వీధిలో కనీసం మూడు ఇళ్ళలో "మెనూ పోయిన" వీసీడీలు ఈ ఒక్క నొక్కుతో బాగయ్యాయి, దానికి ఒక ఇంట్లో నాకు బొబ్బట్లు పెట్టారు కూడా.

బాగుచేయడం విషయానికి వస్తే, మొదటి నియమం, అసలు డిస్కుని దేనికీ ముట్టుకోవద్దు. డిస్కులోని వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోవాలి. అందులో ఐఎఫ్ఓ అని చివరుండే చిన్న ఫైళ్ళు ఏ వీడియో ఎక్కడుంది, ఏది అయ్యాక ఏది వంటి లెక్కలు ఉంచే పుస్తకాల్లాంటివి, ఒక్కోదానికి బీయూపీ అని అచ్చంగా అలాంటిదే నకలు అదే డిస్కులో ఉంటుంది. ఐఎఫ్ఓ కాపీ కాకుండా మొరాయిస్తే బీయూపీని కాపీ చేసి పేరు మార్చుకుంటే చాలు. ఈ నకలు సంగతి మిక్సింగ్ చేసిన రెండేళ్ళలో నాకు తెలియదు, తెలిసుంటే ఒకరిద్దరి డిస్కులు పోయాయని చెప్పి పంపకుండా ఉండేవాణ్ణి. వీఓబీ అన్నవి అసలు వీడియో, 1 జీబీ దాటకుండా ముక్కలు చేసి ఉంటాయి. బటన్ల దారులు మాత్రం ఐఎఫ్ఓలో కాక మెనూ వీడియోలోనే ఉంటాయి, సెకనుకో అంతకంటే ముందో ఒకసారి వచ్చే, నావిగేషన్ ప్యాకులనే చిన్న దారి చీటీల్లో. వీటిని దిద్దడానికి పీజీసీఎడిట్ అని ఒక పాత ఉచిత ప్రోగ్రాం ఉంది. చూడ్డానికి ముసలిది, పని మాత్రం చేస్తుంది.

అందులో ఆరో బటన్ తెరిచి, కిందికి అన్నచోట 1 తీసి 7 రాశాను. సేవ్ కొట్టాను. ఇంకేం లేదు.

ఆ నంబరుకి, రాసిన ఒక్కో చోట, ఎంత జాగా పడుతుందో తెలుసా? ఆరు బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే ఆరు గడులు. ఒక మెనూ తెర మీద 36కి మించి బటన్లు పెట్టనివ్వరు కాబట్టి ఆరు బిట్లే ఎక్కువ. 1ని 7 చేయడానికి అందులో మారినవి రెండు. 4.7 జీబీ డిస్కులో ఆ రెండు బిట్ల మూలంగా మా నాన్న సముద్రాన్ని తిట్టారు, బావగారు ప్లేయర్ని తిట్టారు, నేను అమ్మకి పదేళ్ళు పాఠం చెప్పాను.

దిద్దాక మళ్ళీ వీఎల్‌సీలో, మళ్ళీ బాణాలతోనే, ముప్ఫై రెండు నొక్కులూ నొక్కి చూశాను. తర్వాత ఖాళీ డీవీడీలోకి రైట్ చేశాను. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఫోల్డర్ని మామూలు డేటా డిస్కులా రాసేయడం. కొన్ని ప్లేయర్లు దాన్నీ ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. సాఫ్ట్‌వేర్లో డీవీడీ వీడియో అని ఎంచుకుని, తక్కువ వేగంతో రాసి, చివర్లో ఫైనలైజ్ అయ్యేదాకా, అంటే రాత ముగించి డిస్కుని మూసేసేదాకా, ఆగాలి.

ఇదంతా వినగానే ఎవరో ఒకరు అంటారు, ఎందుకండీ ఈ గోల, ఎంపీ4 చేసేసి పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి గుచ్చెయ్యొచ్చు కదా అని. చెయ్యండి, నేను వద్దనడం లేదు, ఇవాళో రేపో ప్లేయర్లు దొరకడం మానేస్తాయి. అయితే అది మొదటి పని కాకూడదు. ముందు డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ఫైల్లోకి, అంటే ఇమేజ్‌గా తీసి దాచండి. మార్చే ప్రోగ్రాంలు చాలావరకు అన్నిటికంటే పొడుగైన వీడియోని పట్టుకుంటాయి, విడిగా పెట్టిన రిసెప్షన్‌నో ఫొటోల ఆల్బంనో వదిలేస్తాయి, అది వదిలేసిందని మీకు అయిదేళ్ళ తర్వాత తెలుస్తుంది. వీఓబీలని ఉన్నవి ఉన్నట్టు పెన్‌డ్రైవ్‌లో వేస్తే టీవీలో మొదటి ఫైలుగా ఆ ముప్ఫై సెకన్ల సన్నాయి మెనూయే వచ్చి, నొక్కితే ఏదీ కదలదు, మళ్ళీ అమ్మకి వాడడం రాదంటాం. పైగా మెనూ అంటే కేవలం మీట కాదు. రెండు గంటల వీడియోలో స్నాతకం ఎక్కడుందో, గౌరీపూజ ఎక్కడుందో పేరు రాసిపెట్టిన పట్టిక అదొక్కటే. అది తీసేసి రెండు గంటల ముద్ద చేతికిస్తే అమ్మ అప్పగింతలు ఎక్కడని వెతుక్కోవాలి? ఇప్పటి పెళ్ళిళ్ళకి పెన్‌డ్రైవ్‌లో కెమెరా నంబర్లతో నలభై ఫైళ్ళు ఇస్తున్నారు. ఆరు బటన్ల టెంప్లేటే నయం.

అన్నట్టు, అమ్మ ఊరుకోవడం సంగతి చెబుతానన్నాను. నేను క్లిక్ కొట్టి చూపించిన రోజుకే ఆవిడ ఒక దొడ్డిదారి కనిపెట్టుకుంది. తలంబ్రాల నుంచి పక్కకి నొక్కి రిసెప్షన్ తెరుస్తుంది, తెరవగానే వెనక్కి వెళ్ళే మీట రెండుసార్లు నొక్కుతుంది, వీడియో ఒక చాప్టరు వెనక్కి జరిగి అప్పగింతల మొదట్లో ఆగుతుంది. నేను ఇందాక చెప్పిన పరీక్షలన్నిటి సారం ఆ రెండు నొక్కుల్లోనే ఉంది, వీడియో బాగుందని, చాప్టర్లు సరిగ్గా ఉన్నాయని, రిమోటు మంచిదని, పోయింది బాణం ఒక్కటేనని. ఆవిడకి అదంతా ఎవరికైనా చెప్పాలనిపించలేదు. చెప్పినా వినేవాళ్ళం కాదు.

కొత్త డిస్కు ప్లేయర్లో వేసి రిమోటు ఆవిడ చేతికే ఇచ్చాను. తలంబ్రాల మీదికి వచ్చి కిందికి నొక్కింది. వెలుగు అప్పగింతల మీద దిగింది. నాన్న పేపరు పక్కన పెట్టి "ఓహో" అన్నారు. అమ్మ ఓకే నొక్కి ఆరు నిమిషాలూ చూసింది. తాతగారు చెల్లి చెయ్యి పట్టుకుని పెళ్ళికొడుకుతో ఏదో అంటున్నారు, ఆ మీద మిక్సింగ్ వాళ్ళు వేసిన సినిమా పాట మోగుతోంది.

"నాన్న ఏదో అంటున్నాడు కదా. ఆ పాట తీసేస్తే వినిపిస్తదేట్రా?"

పాట వేసేటప్పుడు అసలు సౌండు తీసేస్తారని, టేపులు మళ్ళీ వేరే పెళ్ళికి వాడేసి ఉంటారని చెప్పాను. మేమూ అలాగే చేసేవాళ్ళమని చెప్పలేదు. "సర్లే" అని అమ్మ మెనూకి వచ్చి, ఇంకోసారి కిందికి నొక్కి, మళ్ళీ అప్పగింతలే పెట్టింది.